నాలుక రంగు ఏం చెబుతుంది? ఇంట్లో సరిగ్గా చూసుకోవడం ఎలా

“నాలుక తెల్లగా ఉంది, లివర్ పాడైందంటారా?” “మధ్యలో పగుళ్ళున్నాయి, ఏ విటమిన్ వేసుకోవాలి?” “నాలుక బాగా చాపితే లోపల గొంతు దగ్గర గుండ్రంగా గడ్డల్లాంటివి కనిపిస్తున్నాయి, క్యాన్సరేమో?” ఆరోగ్యం గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను ఎక్కువగా అడుగుతున్నవి ఈ మూడే. చాలామంది ఫోటో కూడా పంపిస్తారు. అర్ధరాత్రి పసుప్పచ్చ బల్బు కింద, కాఫీ తాగిన అరగంటకి, టెన్షన్‌లో తీసిన ఫోటో అని చూడగానే తెలిసిపోతుంటుంది. అలాంటి ఫోటో చూసి ఎంత పెద్ద డాక్టరైనా నమ్మకంగా ఏమీ చెప్పలేరు.

అందుకే ఒకచోట పూర్తిగా రాసేస్తున్నాను. ఇది చదివి మీరు రోగం పేరు చెప్పలేరు, చెప్పాలని ప్రయత్నించొద్దు కూడా. కనిపిస్తున్నది వదిలేయొచ్చా, రెండు వారాలు గమనించాలా, ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా అన్నది మాత్రం తేల్చుకోగలుగుతారు. ఇంట్లో చేసుకోవడానికి అంతే సరిపోతుంది.

ముందుగా ఈ హెచ్చరిక చదవండి

నాలుక, పెదాలు రెండూ నీలంగానో బూడిదరంగులోనో మారి ఊపిరి కష్టంగా ఉంటే కింద రాసిన పద్ధతులేవీ మీకు కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. నాలుక ఉన్నట్టుండి వాచిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమవుతున్నా అంతే. కొత్తగా ఏదైనా తిన్నప్పుడు, మందు వేసుకున్నప్పుడు, పురుగు కుట్టినప్పుడు ఇలా జరగొచ్చు. రక్తపోటుకి వాడే కొన్ని మందుల వల్ల, అవి ఏళ్ళ తరబడి సరిపడినా సరే, ఒకరోజు హఠాత్తుగా నాలుక వాచే అవకాశం ఉంది. అద్దం ముందు నిలబడి తగ్గుతుందేమోనని చూసే సమయం కాదది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అద్దం, కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు
- టార్చి, ఫోన్‌లోది చాలు
- పొడిగా, శుభ్రంగా ఉన్న గాజుగుడ్డ ముక్కలు రెండు. లేకపోతే ఉతికిన మెత్తటి నూలుగుడ్డ. టిష్యూ కాగితం వద్దు, తడికి చిరిగి నాలుకకి అంటుకుంటుంది, తర్వాత అదే తెల్లమచ్చలా కనిపించి కంగారు పెడుతుంది
- ఒక తెల్ల కాగితం
- మంచినీళ్ళు
- మీరు వాడుతున్న మందులన్నిటి జాబితా. ఇన్‌హేలర్, మౌత్‌వాష్, విటమిన్ మాత్రలు, సిరప్‌లు కూడా రాయండి. చాలామంది వీటిని మందుల లెక్కలో వేసుకోరు

1. సమయం చూసుకోండి

పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, ఏమీ తాగకముందు చూడటం మంచిది. అప్పుడు కుదరకపోతే తిన్న తర్వాత కనీసం ఒక గంట ఆగండి. చూసే ముందు నాలుక గీసుకోవద్దు, గీస్తే చూడాల్సిన పాచి పోతుంది, పైగా రాపిడికి ఎర్రబడుతుంది, ఆ ఎరుపు చూసి మళ్ళీ భయం. మామూలు నీళ్ళతో ఒకసారి పుక్కిలిస్తే చాలు.

పొద్దునపూట పాచి కాస్త ఎక్కువగా ఉంటుంది. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది కాబట్టి నాలుక మీద రాలిన కణాలు, సూక్ష్మజీవులు కొట్టుకుపోకుండా అక్కడే పేరుకుంటాయి. నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళకి ఇంకా ఎక్కువ. అందుకే ఒక్క పొద్దున చూసి ఏదీ అనుకోవద్దు, మూడు రోజులు ఒకే సమయానికి చూడండి.

2. వెలుతురు సరిగ్గా పెట్టుకోండి

ట్యూబులైటు కింద నాలుక పాలిపోయినట్టు, పసుప్పచ్చ బల్బు కింద కామెర్లు వచ్చినట్టు కనిపించొచ్చు. కిటికీకి ఎదురుగా నిలబడండి, నేరుగా మొహం మీద ఎండ పడకూడదు.

ఫోటో తీసేటప్పుడు గడ్డం కింద తెల్ల కాగితం పట్టుకుని అది కూడా ఫోటోలో పడేలా తీయండి. ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో మొహాన్ని అందంగా చూపించే ఫిల్టర్ ఆపేయండి, అది నాలుకకి కూడా రంగులద్దుతుంది. తీశాక ముందు కాగితం చూడండి. అది పచ్చగానో నీలంగానో కనిపిస్తోందంటే ఆ ఫోటోలో నాలుక రంగు కూడా నమ్మదగినది కాదు, ఇంకోటి తీయండి.

3. పైన, పక్కలు, కింద: మూడు వైపులా చూడండి

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. నాలుక బయటికి చాపి పైభాగం చూసేసి అయిపోయిందనుకుంటారు. నాలుక మీద వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా పక్కల్లోనూ కిందిభాగంలోనూ మొదలవుతాయి, అద్దంలో మామూలుగా కనిపించని చోట. పక్కలు చూడకుండా చూశాననుకోవద్దు.

పైభాగం: నాలుక బిగించకుండా వదులుగా చాపండి. గట్టిగా చాపి అలాగే పట్టుకుంటే కొస ముదురు ఎరుపుకి తిరుగుతుంది, అది రంగు లెక్కలోకి రాదు. ఆరోగ్యంగా ఉన్న నాలుక గులాబీ రంగులో, తడిగా, సన్నని బుడిపెలతో గరుగ్గా ఉంటుంది, దానిమీద పలుచటి తెల్లటి పూత ఉంటుంది. ఆ పలుచటి పూత ఉండాల్సిందే. మధ్యమధ్య కనిపించే చిన్న ఎర్రచుక్కలు కూడా బుడిపెలే, ఒళ్ళు చామనఛాయగానో నల్లగానో ఉన్నవాళ్ళకి అవే చుక్కలు గోధుమరంగులో ఉండటం మామూలే.

పక్కలు: గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని మెల్లగా ఒక పక్కకి లాగి, టార్చి వేసి వెనకదాకా చూడండి. తర్వాత రెండో పక్క. వెనక భాగంలో నిలువుగా మడతల్లాగా, కాస్త ఎర్రగా ఉంటాయి. రెండువైపులా ఒకేలా ఉంటే అవి పుట్టుకతో ఉన్నవే. ఒకవైపే ఉబ్బి, రెండోవైపు లేకపోతే అది డాక్టర్‌కి చూపించాలి. పక్కలు చూసేటప్పుడు ఈ రెండు వైపుల పోలికే మీకు అన్నిటికన్నా బాగా పనికొచ్చే కొలత.

కిందిభాగం: నాలుక కొసని అంగిలికి ఆనించండి. నీలంగా ఉబ్బిన రక్తనాళాలు కనిపిస్తాయి, అవి అందరికీ ఉంటాయి.

ఇక గొంతు దగ్గరి గడ్డలు. నాలుక వెనక భాగంలో తలకిందులైన ఇంగ్లీషు V అక్షరంలా, కోణం ఆకారంలో వరసగా 8 నుంచి 12 వరకు పెద్ద బుడిపెలుంటాయి. రుచి తెలియజేసే బుడిపెలే అవి. మొదటిసారి టార్చి వేసుకుని చూసుకున్న రోజు నాకూ రాత్రంతా నిద్రపట్టలేదు. వరసలో, రెండువైపులా సమానంగా ఉంటే నిశ్చింతగా ఉండండి.

4. అంటుకున్న రంగేమో ముందు తేల్చుకోండి

నిన్నటి నుంచి నోట్లోకి ఏమేం వెళ్ళాయో గుర్తుచేసుకోండి. రంగు మిఠాయిలు, బీట్‌రూట్, కాఫీ, టీ అందరికీ తెలిసినవే. తెలియనివి మందులు. కడుపు మంటకి, విరేచనాలకి వాడే బిస్మత్ ఉన్న మందులు నాలుకని నల్లగా చేస్తాయి, నోట్లో ఉండే కొద్దిపాటి గంధకంతో కలిసి నల్లటి పదార్థం తయారవుతుంది కాబట్టి. మలం కూడా నల్లగా రావొచ్చు. ఐరన్ సిరప్ మరకలు వేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే నాలుక, పళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి.

అంటుకున్న రంగైతే కారణం ఆగిన కొద్దిరోజుల్లో పోతుంది. డాక్టర్ రాసిన మందు మాత్రం రంగు కోసం మీరే ఆపేయకండి, ఫోన్ చేసి అడగండి.

5. తుడిచి చూడండి

తెల్లగా ఉన్న ఏ మచ్చకైనా ఈ పరీక్ష తప్పనిసరి. గాజుగుడ్డని నీళ్ళలో తడిపి పిండి, వేలికి చుట్టుకుని, మచ్చ మీద రెండు మూడుసార్లు మెత్తగా తుడవండి. గట్టిగా రుద్దొద్దు, రక్తం వస్తే ఇక ఏదీ అర్థంకాదు.

తేలిగ్గా పోయి కింద మామూలు గులాబీ రంగు కనిపిస్తే అది పాచే. నీళ్ళు సరిగ్గా తాగండి, రోజూ బ్రష్ చేశాక నాలుక వెనకనుంచి ముందుకి మెత్తగా గీసుకోండి. జ్వరం వచ్చి సరిగ్గా తిననప్పుడు, నాలుక పిడచకట్టుకుపోయినప్పుడు, పొగతాగేవాళ్ళకి పాచి మందంగా పడుతుంది.

విరిగిన పాలముక్కల్లా ఊడి వచ్చి, కింద ఎర్రగా పచ్చిగా ఉంటే, మంటగా ఉంటే, అది క్యాండిడా అనే ఫంగస్ కావొచ్చు. ఈమధ్య యాంటీబయాటిక్ వాడారా? ఆస్తమా ఇన్‌హేలర్ ఉందా? కట్టుడుపళ్ళు రాత్రి తీయకుండా పడుకుంటున్నారా? షుగర్ అదుపులో లేదా? వీటిలో ఒకదానికి అవునన్నా అనుమానం బలపడుతుంది. ఇవేవీ లేకుండా పెద్దవాళ్ళకి నోట్లో ఫంగస్ వస్తే, రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో డాక్టర్ వెతకాలి, మందు రాయించుకుని ఊరుకోకూడదు.

ఎంత తుడిచినా కదలని తెల్లమచ్చ అయితే నాలుక అంచుకి గరుకు దంతమేదైనా పదేపదే తగులుతోందేమో చూడండి. తెల్లటి గీతలు వల అల్లినట్టుంటే అది వేరే చర్మజబ్బు నోట్లోనూ వచ్చినదై ఉండొచ్చు. మిగతా కదలని మచ్చల్లో కొన్ని కాలక్రమంలో క్యాన్సర్‌గా మారే రకం. అన్నీ మారవు, ఏది మారుతుందో కంటితో ఎవరూ చెప్పలేరు, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పొగాకు ఏ రూపంలో వాడేవాళ్ళయినా, వక్క నమిలేవాళ్ళయినా, మద్యం తాగేవాళ్ళయినా ఇలాంటి మచ్చ కనిపిస్తే నేరుగా దంతవైద్యుల దగ్గరికి వెళ్ళండి.

పసిపిల్లల సంగతి: పాలు తాగాక నాలుక తెల్లగా ఉండటం మామూలే. పాల తెలుపు నాలుక మీద మాత్రమే ఉంటుంది, తడిగుడ్డకి వచ్చేస్తుంది. బుగ్గల లోపల, చిగుళ్ళ మీద కూడా తెల్లగా ఉండి, బిడ్డ పాలు తాగడానికి ఏడుస్తుంటే ఫంగస్ అనుకుని డాక్టర్‌కి చూపించండి. తల్లి చనుమొనలు కూడా మండుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, ఇద్దరికీ కలిపి మందు వాడాల్సి రావొచ్చు.

6. మిగతా రంగులు

ఎరుపు. రంగు ఒక్కటే చూడకండి, నాలుక గరుగ్గా ఉందా నున్నబడిందా అన్నది ముఖ్యం. బుడిపెలు అరిగిపోయి, అద్దంలా నున్నగా, మెరుస్తూ ఎర్రగా ఉండి, తినేటప్పుడు మండుతుంటే బీ12, ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్‌గా దొరికే బీ విటమిన్), ఐరన్‌లలో ఏదో తగ్గిందని అనుమానించాలి. మా పెద్దమ్మకి ఏడాదిపాటు ఇలాగే ఉంది, వేడిచేసిందని సరిపెట్టుకున్నాం, మధ్యలో అరికాళ్ళ తిమ్మిర్లు వచ్చినా వయసు అనుకున్నాం. చివరికి రక్తపరీక్షలో బీ12 చాలా తక్కువని తేలింది. నాలుక కొన్ని వారాల్లో మామూలైంది, కాళ్ళ తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు. ఆ రెండూ కలిపి చూడాలని అప్పుడు మాకెవరికీ తట్టలేదు, ఇంత వివరంగా రాయడానికి అది కూడా ఒక కారణం. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్ళు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళు, గ్యాస్ మాత్రలు ఆపకుండా వేసుకునేవాళ్ళు, పెద్దవయసువాళ్ళు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

ఎర్రటి మచ్చలకి చుట్టూ తెల్లటి వంకరటింకర అంచు ఉండి, పటంలో దేశాల్లా కనిపిస్తూ, ఇవాళ ఇక్కడ, నాలుగురోజులకి ఇంకోచోట ఉంటే భయపడకండి. 100 మందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఇలా ఉంటుంది, అంటుకోదు, క్యాన్సర్‌గా మారదు. పులుపు, కారం తగిలితే మండొచ్చు, అంతే. రోజు విడిచి రోజు ఫోటో తీస్తే మచ్చ చోటు మారుతోందో లేదో మీకే తెలుస్తుంది. కదలకుండా ఒకేచోట, మఖమల్ గుడ్డలా ఉండే ఎర్రమచ్చ సంగతి పూర్తిగా వేరు, అది తెల్లమచ్చకన్నా ప్రమాదకరం కావొచ్చు, ఆలస్యం చేయొద్దు.

పిల్లలకి జ్వరంతో నాలుక బుడిపెలు తేలి స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా అయితే అదేరోజు చూపించాలి. గొంతునొప్పి, ఒంటిమీద గరుకు దద్దు ఉంటే స్కార్లెట్ జ్వరం కావొచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. జ్వరం 5 రోజులైనా తగ్గక, కళ్ళు ఎర్రబడి, పెదాలు పగిలి, చేతులు కాళ్ళు వాస్తే కవాసాకి వ్యాధి అనుమానించాలి. జపాన్‌కి చెందిన పిల్లల డాక్టర్ తొమిసాకు కవాసాకి 1967లో దీన్ని వివరించారు. గుండె రక్తనాళాల్ని దెబ్బతీసే జబ్బు ఇది, మొదటి 10 రోజుల్లో వైద్యం అందితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఈ లక్షణాలన్నీ ఒకేసారి కనిపించకపోవచ్చు, నిన్న కనిపించి ఇవాళ పోయినవి కూడా డాక్టర్‌కి చెప్పండి.

పాలిపోవడం. కింది కనురెప్ప లోపలిభాగం, గోళ్ళు కూడా చూడండి. అన్నీ పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. సాధారణంగా డెసిలీటరు రక్తంలో మగవాళ్ళకి 13, గర్భం లేని ఆడవాళ్ళకి 12 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత. నాలుక గులాబీరంగులో ఉన్నంత మాత్రాన రక్తహీనత లేదని కాదు, కొంచెం తక్కువైతే కంటికి తెలియదు.

పసుపు. పైన పచ్చగా ఉన్న పూత చాలాసార్లు పాచే, పొగాకు మరకే. కామెర్లు చూడాలంటే పగటి వెలుతురులో కళ్ళ తెల్లగుడ్డు, నాలుక కిందిభాగం చూడండి. అవి పచ్చగా ఉంటే, మూత్రం ముదురుగా వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నలుపు. వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తే చూసినవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది కానీ ప్రమాదం లేదు. మామూలుగా 1 మిల్లీమీటరుండే బుడిపెలు రాలకుండా 15 మిల్లీమీటర్ల పైదాకా కూడా పెరిగి రంగు పట్టుకుంటాయి. రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసుకుని, పొగాకు మానేస్తే తగ్గుతుంది. చిగుళ్ళు, బుగ్గల లోపల, ఒళ్ళు కూడా కొత్తగా నల్లబడుతూ, నీరసం, బరువు తగ్గడం ఉంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఎలా పనిచేస్తున్నాయో డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకోవాలి.

పగుళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉండి నొప్పి లేకపోతే అది మీ నాలుక తీరు. లోపల తిండి చిక్కుకోకుండా శుభ్రం చేసుకోండి. విటమిన్ మాత్రలతో పూడిపోయేవి కావివి.

7. రెండు వారాల లెక్క పెట్టుకోండి

పుండు, గడ్డ, కదలని మచ్చ ఏదైనా కనిపించిన తేదీ రాసుకోండి. కరుచుకున్న గాయమైనా నోటిపూతైనా సాధారణంగా రెండు వారాల్లో మానుతుంది. మానకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగేవాళ్ళే ఎక్కువ, మొదట్లో క్యాన్సర్ చాలాసార్లు నొప్పి పెట్టదు. వేలితో తాకితే గట్టిగా ఉండటం, రక్తం రావడం, నాలుక ఒకవైపు మొద్దుబారడం, మెడలో గడ్డ, ఇవుంటే రెండు వారాలు కూడా ఆగొద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

పరీక్ష చేయించకముందే విటమిన్ మాత్రలు మింగడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బీ12 మాత్రలు వేసుకుని పరీక్షకి వెళితే లెక్క బాగానే వచ్చి అసలు సంగతి దాగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే ఇంకా ప్రమాదం, రక్తం మెరుగైనట్టు కనిపిస్తూనే బీ12 లోపం వల్ల నరాలు దెబ్బతినడం సాగుతుంటుంది.

తెల్లగా ఉందని రోజుకి నాలుగుసార్లు రక్తం వచ్చేదాకా గీయడం ఇంకో తప్పు. మంట తగ్గించుకోవడానికి ఘాటైన మౌత్‌వాష్ పోసుకోవడం కూడా, ఆల్కహాల్ ఉన్నవి నోటిని ఇంకా పొడిబారుస్తాయి.

నాలుక కొస గుండె, మధ్య కడుపు, వెనక కిడ్నీ అని గీసిన బొమ్మలు కనిపిస్తుంటాయి. నాలుకలో ఫలానా చోటు మచ్చ ఉంటే ఫలానా అవయవం చెడినట్టని చెప్పడానికి వైద్యపరమైన ఆధారం లేదు. వాటిని చూసి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు స్కానింగులకి వెళ్ళడం, నిజంగా మచ్చ ఉన్నవాళ్ళు కడుపు శుభ్రం చేసే పొడులతో నెలలు గడపడం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

పాచి అయితే శుభ్రత, నీళ్ళు సరిచేసుకున్న వారం పదిరోజుల్లో పలచబడాలి. ఫంగస్‌కి రాసిన మందు తెలుపు పోగానే ఆపకండి, చెప్పినన్ని రోజులూ వాడండి. తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్ముతున్నారో లేదో చూసుకోండి, కట్టుడుపళ్ళు రాత్రిపూట తీసి శుభ్రం చేస్తున్నారో లేదో చూసుకోండి, ఆ తర్వాత షుగర్ పరీక్ష చేయించుకోండి. బీ12, ఐరన్ లోపాలకి మందు మొదలుపెడితే ముందు మంట తగ్గుతుంది, బుడిపెలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. నెల దాటినా నున్నగానే ఉంటే మళ్ళీ వెళ్ళండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజు నాలుక గీసుకోకుండా, రంగున్నవి తాగకుండా వెళ్ళండి. మచ్చ మొదట చూసిన తేదీ, తుడిస్తే పోయిందా లేదా, మందుల జాబితా, పొగాకు అలవాటు ఉంటే దాచకుండా అది, వరసగా చెప్పండి. తెల్ల కాగితంతో తీసిన మొదటిరోజు ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి చూపించండి.